ప్రైమరీ పార్టీవాళ్ళ ఇంటి గొడవ, మనకెందుకు అంటున్నారు మా ఆయన

ప్రశ్న: అక్కా నమస్తే. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు, టెక్సస్ వచ్చి పద్ధెనిమిదేళ్ళు అయింది, ఇప్పుడు ఫ్రిస్కోలో ఉంటున్నాం. సిటిజన్‌షిప్ వచ్చాక ఒక్క నవంబర్ ఎలక్షన్‌లో ఓటేశాం నేనూ మా ఆయనా, ఫోటోలు కూడా పెట్టుకున్నాం. ఇప్పుడేమో మెయిల్ బాక్స్ తీస్తే చాలు కార్డులే కార్డులు, మార్చిలో ప్రైమరీ అంట, నాకు ఓటేయండి అంటే నాకు ఓటేయండి అని. మా ఆయనేమో అది పార్టీవాళ్ళ ఇంటి గొడవ, మనం ఏ పార్టీలోనూ మెంబర్లం కాదు, మనకెందుకు, నవంబర్లో ఎలాగూ వేస్తాంగా అంటున్నారు. పైగా ఏ పార్టీ ప్రైమరీలో ఓటేశామో అందరికీ తెలిసిపోతుందంట కదా, ఆఫీసులో ఇబ్బంది అవుతుందేమో అని ఒక భయం. మా తమ్ముడు హెచ్ వన్ బీ మీద ఉన్నాడు, ప్రైమరీకి వాడు కూడా వెయ్యొచ్చా అని అడుగుతున్నాడు. కాస్త వివరంగా చెప్పండక్కా.

సమాధానం:

చెల్లీ, ముందు ఆఖరి ప్రశ్న తేల్చేస్తా ఎందుకంటే అది ప్రమాదం. మీ తమ్ముడు వెయ్యకూడదు, ప్రైమరీ అయినా సరే. హెచ్ వన్ బీ, గ్రీన్ కార్డ్, ఎల్ వన్ ఎవరైనా సరే, సిటిజన్ అయితేనే రిజిస్టర్ అవ్వాలి. డ్రైవింగ్ లైసెన్స్ రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు కౌంటర్ దగ్గర ఓటర్‌గా రిజిస్టర్ చేయమంటావా అని మామూలుగా అడిగేస్తారు, మనవాళ్ళు ఇంగ్లీషు సరిగ్గా వినపడకో మొహమాటానికో ఎస్ అనేస్తారు, తర్వాత సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో అదే మెడకి చుట్టుకుంటుంది. సిటిజన్ కాని వాళ్ళు ఫెడరల్ ఎలక్షన్‌లో ఓటేస్తే అది నేరం, దేశం నుంచి పంపించేసే దాకా వెళ్తుంది. ఈ ఒక్క ముక్కా వాడికి ఇవాళే ఫోన్ చేసి చెప్పు, మిగతాది నిదానంగా చదువుకుందువు గాని.

ఇక మీ ఆయన సంగతి. ఆయన మాటలో సగం నిజం ఉంది, కాదనను. పేరుకి అది పార్టీల ఎలక్షనే, నవంబర్లో మా తరఫున ఎవరు నిలబడాలి అని రిపబ్లికన్లు వాళ్ళలో వాళ్ళు, డెమొక్రాట్లు వాళ్ళలో వాళ్ళు తేల్చుకోవడం. మిగతా సగం ఏంటంటే ఆ తేల్చేది పార్టీ ఆఫీసులో కూర్చున్న పెద్దాయన కాదు, నువ్వూ నేనూ.

మన ఊళ్ళో ఎలా ఉండేదో ఒకసారి గుర్తు తెచ్చుకో. ఎలక్షన్లు వస్తున్నాయంటే ఆశావహులందరూ అనుచరుల్ని వేసుకుని, సర్వేలో నాకే బాగుంది సార్ అని ఫైలు పట్టుకుని అధినేత ఇంటి గేటు దగ్గర పడిగాపులు, జాతీయ పార్టీ అయితే ఢిల్లీలో మకాం, నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం దాకా బీ-ఫారం ఎవరి చేతికి వస్తుందో ఎవరికీ తెలీదు, రాని వాడు రాత్రికి రాత్రి పక్క పార్టీ కండువా కప్పుకోవడం, లేదంటే రెబల్‌గా దిగడం. ఇదంతా చూస్తూ పెరిగినోళ్ళమే కదా. ఆ బీ-ఫారం ఎవరికివ్వాలో మన నాన్నల్ని గానీ మనల్ని గానీ ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? ఇక్కడ దాన్ని జనం చేతికిచ్చారు చెల్లీ. ప్రైమరీ అంటే అంతే, బీ-ఫారం మనం ఇచ్చే ఎలక్షన్. విస్కాన్సిన్ రాష్ట్రంలో 1904లో జనం ఓటేసి ఈ పద్ధతి తెచ్చుకున్నారు, లా ఫాలెట్ అని అప్పటి గవర్నర్ దానికోసం ఏళ్ళ తరబడి కొట్లాడాడు, అంతకుముందు ఇక్కడ కూడా మనలాగే పార్టీ పెద్దలు గదిలో తలుపులేసుకుని తేల్చేసేవాళ్ళు. తర్వాత మిగతా రాష్ట్రాలన్నీ ఒకటొకటిగా ఎత్తుకున్నాయి.

ఇంకోటి కూడా మన దగ్గర నుంచే గుర్తు తెచ్చుకో. కొన్ని నియోజకవర్గాలు ఉండేవి కదా, అక్కడ ఫలానా పార్టీ టికెట్ వచ్చిందంటే గెలిచేసినట్టే, కరెంటు స్తంభానికి ఆ పార్టీ జెండా కట్టినా గెలుస్తుంది అనేవాళ్ళు. టెక్సస్‌లో సీట్లు చాలా వరకు ఆ బాపతే. రాష్ట్రం మొత్తం ఓటేసే పదవుల్లో, అంటే గవర్నర్ లాంటివి, 1994 తర్వాత ఒక్క డెమొక్రాట్ కూడా గెలవలేదు ఇక్కడ. ఆస్టిన్ నగరం లోపలో డాలస్ నగరం నడిబొడ్డులోనో చూస్తే సరిగ్గా దీనికి రివర్సు. నియోజకవర్గాల లైన్లు గీసేటప్పుడే ఈ సీటు మాది, ఆ సీటు మీది అన్నట్టు గీసేస్తారు. మరి అలాంటి చోట నవంబర్ ఓటుకి మిగిలేది ఏంటి, మార్చిలో అయిపోయిన పెళ్ళికి నవంబర్లో రిసెప్షన్‌కి వెళ్ళి అక్షింతలు వేసినట్టు.

మరి ఆ పెళ్ళికి ఎంతమంది వెళ్తున్నారో చూడు. 2024 మార్చిలో టెక్సస్‌లో రిజిస్టర్డ్ ఓటర్లు సుమారు 1 కోటి 79 లక్షలు, రెండు పార్టీల ప్రైమరీలూ కలిపి ఓటేసింది 33 లక్షల చిల్లర, ఐదుగురిలో ఒక్కరు కూడా లేరు. అదే ఏడాది నవంబర్లో 1 కోటి 14 లక్షల మంది వేశారు. అంటే మూడింట రెండొంతుల పైన జనం భోజనాల టైముకే వచ్చారన్నమాట, వంట ఏంటో మాత్రం ముందే మిగతావాళ్ళు తేల్చేశారు.

నీకు పిల్లలున్నారు అనుకుంటున్నా, ఫ్రిస్కోలో ఉన్నారంటే స్కూళ్ళ కోసమే అయ్యుంటుంది (అందరం దానికే వచ్చాం), కాబట్టి స్కూళ్ళ ఉదాహరణే చెప్తా. గవర్నర్ ఆబట్ చాలా రోజుల నుంచి స్కూల్ వోచర్లు తేవాలని చూస్తూ వచ్చాడు, అంటే పిల్లల్ని ప్రైవేట్ స్కూల్‌కి పంపే తల్లిదండ్రులకి ప్రభుత్వం డబ్బులివ్వడం. 2023 నవంబర్లో ఆ బిల్లు టెక్సస్ హౌస్‌లోకి (మన అసెంబ్లీ లాంటిది) వస్తే ఆయన సొంత రిపబ్లికన్ పార్టీ వాళ్ళే 21 మంది, డెమొక్రాట్లతో కలిసి 84-63 తేడాతో ఆ వోచర్ల ముక్క పీకేశారు. వాళ్ళల్లో ఎక్కువమంది పల్లె ప్రాంతాల వాళ్ళు, మా ఊళ్ళో ఉన్నదే ఒక్క స్కూలు, పక్కన ప్రైవేట్ స్కూలే లేనప్పుడు వోచర్ ఏం చేసుకుంటాం, ఉన్న స్కూల్ డబ్బు పోతుంది అని వాళ్ళ బాధ. గవర్నర్ ఏం చేశాడు? నవంబర్ ఎలక్షన్ దాకా ఆగలేదు, 2024 మార్చి ప్రైమరీలోనే వాళ్ళకి ఎదురుగా తన వాళ్ళని నిలబెట్టి ఊరూరా తిరిగాడు. ఆ సిట్టింగులు చాలామంది మార్చిలో కొందరు, మే రనాఫ్‌లో (ఎవరికీ సగం దాటకపోతే మొదటి ఇద్దరికీ మళ్ళీ పెట్టే పోటీ) కొందరు ఓడిపోయారు. 2025 ఏప్రిల్లో అదే హౌస్‌లో అదే సంగతి 86-61తో పాస్ అయింది, మే 3న సంతకం కూడా అయిపోయింది, వంద కోట్ల డాలర్ల ప్రోగ్రాం.

వోచర్లు మంచివా చెడ్డవా అని నేను ఇక్కడ చెప్పబోవట్లేదు, మా ఇంట్లోనే దాని మీద రెండు పార్టీలున్నాయి, అన్నం దగ్గర ఆ టాపిక్ బ్యాన్. నేను చెప్పేదేంటంటే నీ పిల్లల స్కూల్ సంగతి ఇంత పెద్దది మారిపోయింది కదా, ఆ మార్పు జరిగింది ఏ ఎలక్షన్‌లో? నవంబర్లో ట్రంపా హారిసా అని మనం వాట్సాప్ గ్రూపుల్లో చొక్కాలు చింపుకుంటున్నప్పటికే ఆ పని అయిపోయి ఐదు నెలలు దాటింది. వోచర్లు కావాలనుకున్నవాళ్ళు మార్చిలో వెళ్ళి పని కానిచ్చుకున్నారు, వద్దనుకున్న వాళ్ళు కొంతమంది మా ఎమ్మెల్యే లాంటాయన ఎలాగూ గెలుస్తాడులే అని ఇంట్లో ఉన్నారు. అదే 2024లో అప్పటి హౌస్ స్పీకర్ డేడ్ ఫీలన్, అంటే మన అసెంబ్లీ స్పీకర్ లాంటాయనే కానీ ఇక్కడ చాలా పవర్ ఉన్న కుర్చీ అది, మార్చిలో రెండో స్థానంలో వచ్చి, మే రనాఫ్‌లో నాలుగు వందల లోపు ఓట్లతో బయటపడ్డాడు. నాలుగు వందలు అంటే మీ సబ్‌డివిజన్‌లో దీపావళికి దీపాలు పెట్టే ఇళ్ళ లెక్క అంతే ఉంటుందేమో చూసుకో.

ఇక ఎలా జరుగుతుంది అనేది. టెక్సస్‌లో పార్టీ మెంబర్‌షిప్ అనేదే లేదు ఓటర్ రిజిస్ట్రేషన్‌లో, కాబట్టి "మెంబర్లం కాదు" అనే మాట ఇక్కడ పనికిరాదు, మీ ఆయనకి ఇది గట్టిగా చెప్పు. నువ్వు ఓటర్‌గా రిజిస్టర్ అయి ఉంటే చాలు (ఎలక్షన్‌కి 30 రోజుల ముందే అయి ఉండాలి, 2024లో మార్చి 5 ప్రైమరీకి ఫిబ్రవరి 5 ఆఖరు), పోలింగ్ దగ్గరికి వెళ్ళాక ఏ పార్టీ బ్యాలెట్ కావాలి అని అడుగుతారు, ఒక పార్టీ పేరు చెప్తావు, ఆ బ్యాలెట్ ఇస్తారు, అంతే. రెండూ ఇవ్వరు. గవర్నర్‌కి ఈ పార్టీలో, కాంగ్రెస్‌కి ఆ పార్టీలో అని కలుపుకోవడం కుదరదు. ఇది తలుపులు తీసి పెట్టిన పద్ధతి, దీన్ని మూసేయాలని రిపబ్లికన్ పార్టీలోనే కొంతమంది పట్టుబడుతున్నారు కూడా, అందుకని ప్రతిసారీ వెళ్ళే ముందు కౌంటీ ఎలక్షన్ ఆఫీసు వెబ్‌సైట్ ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకో.

ఈ "ఏ పార్టీ" అని అడగడం దగ్గరే మనవాళ్ళు ఝడుసుకుంటారు. నేను రెండు ప్రైమరీలకి ఎలక్షన్ క్లర్క్‌గా కూర్చున్నా, లైబ్రరీ వెనక రూములో, పొద్దున్న ఆరు నుంచి రాత్రి దాకా. ఒకసారి మన తెలుగు పెద్దాయన ఒకాయన వచ్చారు, ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, ఆంటీ గారు వెనకాల. నా పక్కన కూర్చున్న అమెరికన్ ఆవిడ మామూలుగా విచ్ పార్టీ సార్ అంది. ఆయన మొహం చూడాలి, బ్యాంకులో పిన్ నంబర్ గట్టిగా చెప్పమన్నట్టు అయిపోయారు. అటూ ఇటూ చూసి నా వైపు వంగి "సీక్రెట్ బ్యాలెట్ కదమ్మా, ఇట్టా పబ్లిగ్గా అడిగితే ఎట్టా" అన్నారు తెలుగులో మెల్లగా. అభ్యర్థి పేరు చెప్పక్కర్లేదండీ, ఏ కాగితం కావాలో చెప్తే చాలు అన్నా. అప్పుడు ఆయన ఇంకా మెల్లగా చెప్పారు పార్టీ పేరు, ఆంటీ గారేమో వెనక నుంచి గట్టిగా రెండో పార్టీ పేరు చెప్పి "నాకు అది ఇవ్వమ్మా" అన్నారు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయనకి ఆ సంగతి అప్పుడే తెలిసినట్టుంది.

కాబట్టి నీ భయానికి జవాబు ఇది. ఎవరికి ఓటేశావో ఎవరికీ తెలీదు, తెలిసే దారి లేదు. ఏ పార్టీ ప్రైమరీలో వేశావు అనేది మాత్రం రికార్డ్ అవుతుంది, అది పబ్లిక్ రికార్డే, కావాల్సినవాళ్ళు తీసుకోవచ్చు, అబద్ధం చెప్పి నిన్ను ఒప్పించను. కానీ మీ మేనేజర్ పని మానేసి కౌంటీ లిస్టులు తిరగేస్తూ కూర్చోడు. ఆ ముద్ర కూడా ఆ క్యాలెండర్ ఏడాదికే, తర్వాత ప్రైమరీకి మళ్ళీ ఖాళీ పలక. ప్రైమరీలో ఒక పార్టీలో వేసినంత మాత్రాన నవంబర్లో అదే పార్టీకి వెయ్యాలని ఏం లేదు, నవంబర్లో నీ ఇష్టం, ఎవరికైనా వేసుకో.

నిజానికి ఆ లిస్టు చూసేది ఎవరో తెలుసా, పోటీ చేసేవాళ్ళు. ఇది మన కమ్యూనిటీలో ఎవరూ మాట్లాడరు కానీ నాకు మాట్లాడాలని ఉంది. క్యాంపెయిన్ వాళ్ళు వలంటీర్లని ఇంటింటికీ పంపేటప్పుడు వీధిలో ప్రతి ఇంటికీ పంపరు, పాత ప్రైమరీల్లో ఓటేసిన ఇళ్ళ లిస్టు తీసి వాటికి పంపుతారు, వాళ్ళకున్న మనుషులు తక్కువ కదా. నీ ఇంటికి నాలుగు వైపులా తలుపు కొట్టి నీ తలుపు దాటేసి వెళ్ళిపోతే అది నీ రంగు చూసి కాకపోవచ్చు, నీ పేరు పక్కన ప్రైమరీలన్నీ ఖాళీగా ఉండటం చూసి. మనవాళ్ళేమో గుడి హాల్లో మీట్ అండ్ గ్రీట్ పెడతారు, సమోసాలు, శాలువా, బొకే, చెక్కు, అభ్యర్థి పక్కన నిలబడి పదిహేను మంది ఫోటో, ఆ ఫోటో అన్ని గ్రూపుల్లోకి. మర్నాడు ఆయన ఆఫీసులో వాళ్ళు ఆ పదిహేను పేర్లు లిస్టులో కొట్టి చూస్తే మార్చిలో ఓటేసింది ఇద్దరు. ఫోటోలో ఉన్నాం, లిస్టులో లేం. ఇంక మన ప్రాపర్టీ టాక్స్ గోల, మన రోడ్డు గోల ఎవడు వింటాడు?

ప్రాపర్టీ టాక్స్ అన్నాను కదా, బ్యాలెట్‌లో ఏముంటాయో చెప్తా, ఎందుకంటే మనకి గవర్నర్ పేరు తప్ప మిగతావి చూస్తే పరీక్షలో సిలబస్‌లో లేని ప్రశ్నలొచ్చినట్టు ఉంటుంది. యూఎస్ కాంగ్రెస్, స్టేట్ సెనేట్, స్టేట్ హౌస్, కౌంటీ కమిషనర్, షెరిఫ్, కాన్‌స్టబుల్, జస్టిస్ ఆఫ్ ది పీస్, బోలెడుమంది జడ్జీలు. అవును, ఇక్కడ జడ్జీలు కూడా పార్టీ గుర్తు మీదే గెలుస్తారు. పేర్లు మోసం చేస్తాయి జాగ్రత్త, కౌంటీ జడ్జి అంటే మన పెద్ద కౌంటీల్లో కోర్టులో కేసులు వినే ఆయన కాదు, కౌంటీ బడ్జెట్ నడిపే ఆయన. రైల్‌రోడ్ కమిషన్ అని ఒకటుంటుంది, దానికి రైళ్ళతో ఏం సంబంధం లేదు, ఆయిల్, గ్యాస్ చూస్తుంది, టెక్సస్‌లో దానికన్నా డబ్బున్న సబ్జెక్ట్ ఇంకేముంది. ఆఖర్లో పార్టీ వాళ్ళు కొన్ని ప్రశ్నలు పెడతారు, ఎస్సా నోనా అని, అవి వట్టి అభిప్రాయ సేకరణ, చట్టం అవ్వవు. స్కూల్ బోర్డు, సిటీ కౌన్సిల్ మాత్రం ఇందులో రావు, అవి పార్టీ గుర్తులు లేకుండా వేరేగా జరుగుతాయి, చాలాచోట్ల మేలో. టెక్సస్ లెజిస్లేచర్ మామూలుగా రెండేళ్ళకోసారి, 140 రోజులే కూర్చుంటుంది, ఆ 140 రోజుల్లో స్కూళ్ళకి ఎంత, ప్రాపర్టీ టాక్స్ ఎంత తగ్గించాలి అన్నీ తేల్చేస్తారు. మనం మాట్లాడుకునే హెచ్ వన్ బీ, గ్రీన్ కార్డ్ లైను వాషింగ్టన్ సంగతి, అది స్టేట్ హౌస్ వాళ్ళని అడిగి లాభం లేదు.

మరి ఏ పార్టీ బ్యాలెట్ తీసుకోవాలి అంటావు. అది నేను చెప్పను. ఎలా ఆలోచించుకోవాలో చెప్తా. కొందరు నా మనసు ఏ పార్టీ వైపు ఉందో అదే తీసుకుంటా అంటారు, అది నిక్కచ్చి పద్ధతి. కొందరు మా ఏరియాలో గెలిచేది ఎలాగూ ఈ పార్టీనే కాబట్టి అసలు పోటీ జరిగేది ఇందులో, ఇందులోనే వేసి ఉన్నవాళ్ళలో కాస్త నయమైన వాణ్ణి నిలబెడతా అంటారు, టెక్సస్‌లో అది చట్టప్రకారం తప్పు కాదు, నేను రెండూ చేశాను వేరే వేరే ఏళ్ళలో. ఇంకొందరు ఎదుటి పార్టీలో వెళ్ళి చేతకానివాడికి ఓటేసి వాళ్ళని చెడగొడదాం అనుకుంటారు, అది నాకు నచ్చదు, ఆ చేతకానివాడే గెలిచి మన నెత్తిన కూర్చున్నాడనుకో, అప్పుడు ఎవరిని అంటాం.

ఈ టెక్సస్‌లోనే ప్రైమరీ విలువ ఏంటో అందరికన్నా బాగా తెలిసినవాళ్ళు దాన్ని మూసేసిన వాళ్ళు. అప్పట్లో ఇక్కడ డెమొక్రాట్లదే రాజ్యం, వాళ్ళ టికెట్ వస్తే గెలిచినట్టే. 1923లో ఒక చట్టం చేశారు, డెమొక్రాటిక్ ప్రైమరీలో నల్లవాళ్ళు ఓటేయకూడదు అని. నవంబర్లో వేసుకోండి మాకేం అభ్యంతరం లేదు అన్నారు, చూశావా తెలివి, తేలేది అక్కడే అని వాళ్ళకి తెలుసు కాబట్టి ఆ ఒక్క తలుపుకి తాళం వేస్తే చాలు. ఎల్ పాసోలో లారెన్స్ నిక్సన్ అని ఒక డాక్టర్ కోర్టుకెళ్ళి 1927లో గెలిచాడు, వాళ్ళు రూలు మార్చారు, మళ్ళీ వెళ్ళి 1932లో గెలిచాడు, మళ్ళీ మార్చారు, ఇది గవర్నమెంట్ ఎలక్షన్ కాదు, పార్టీ అనేది ప్రైవేట్ క్లబ్బు, మా ఇంటి గొడవ అన్నారు (మీ ఆయన మాటే, అచ్చంగా). 1935లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. ఆఖరికి హ్యూస్టన్ దంతవైద్యుడు లోనీ స్మిత్ వేసిన కేసులో, థర్గుడ్ మార్షల్ లాయరుగా, 1944లో సుప్రీంకోర్టు ప్రైమరీ కూడా ఎలక్షనే, అందులో ఓటు కూడా ఓటు హక్కే అని తేల్చింది. ఇరవై ఏళ్ళ పైన పట్టింది వాళ్ళకి ఆ గుమ్మం లోపలికి రావడానికి, మనకేమో తలుపు బార్లా తీసి కార్డులేసి పిలుస్తున్నారు, మనం ఆ కార్డులు రీసైకిల్ బిన్‌లో వేస్తున్నాం.

వేరే రాష్ట్రాల్లో ఉన్న మీ బంధువులకి ఇది పంపితే ఒక్క మాట కలిపి పంపు, రూల్స్ రాష్ట్రానికొకటి. న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడాలో మూసిన ప్రైమరీ, ముందే ఆ పార్టీ పేరు మీద రిజిస్టర్ అయి ఉంటేనే. న్యూయార్క్‌లో 2016 ఏప్రిల్ ప్రైమరీకి పార్టీ మార్చుకునే గడువు ముందటేడు అక్టోబర్లోనే అయిపోయింది, ట్రంప్ గారి కూతురు ఇవాంకా, కొడుకు ఎరిక్ ఇద్దరూ ఆ సంగతి చూసుకోక సొంత తండ్రికి ప్రైమరీలో ఓటేయలేకపోయారు, ఇంక మనమెంత. పైగా అక్కడ ప్రెసిడెంట్ ప్రైమరీ వేరే రోజు, స్టేట్ ప్రైమరీ వేరే రోజు, 2024లో ఒకటి ఏప్రిల్ 2న, ఇంకోటి జూన్ 25న, టీవీలో హడావిడి మొదటిదానికే, రెండోదానికి సద్దు ఉండదు. న్యూజెర్సీలో ఏ పార్టీ పెట్టుకోని వాళ్ళు ఆ రోజే చెప్పి వేయొచ్చు, ఆల్రెడీ ఒక పార్టీలో ఉంటే మారడానికి 55 రోజుల ముందే మారాలి. కాలిఫోర్నియాలో అయితే అసలు ఒకటే బ్యాలెట్, అన్ని పార్టీల వాళ్ళూ అందులోనే, మొదటి ఇద్దరు నవంబర్‌కి వెళ్తారు, ఇద్దరూ ఒకే పార్టీ అయినా సరే (ప్రెసిడెంట్‌కి మాత్రం ఇలా కాదు). అక్కడ 2024లో పాలో ఆల్టో, మౌంటెన్ వ్యూ ఉండే కాంగ్రెస్ సీటులో, మనవాళ్ళు కుప్పలు తెప్పలుగా ఉండే చోటు, రెండో స్థానం కోసం ఇద్దరికి సరిగ్గా 30,249 ఓట్లు, ఒక్కటి కూడా తేడా లేకుండా. రీకౌంట్ చేస్తే 5 ఓట్లు తేడా వచ్చింది. ఆ సీటులో ఎన్ని తెలుగిళ్ళలో బ్యాలెట్ కవరు విప్పకుండా కాస్కో బిల్లుల కింద ఉండిపోయిందో ఆలోచిస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలీదు.

మన హైదరాబాద్‌లో పుట్టిన ఇద్దరు ఆడవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. అరుణా మిల్లర్ 2018లో మేరీల్యాండ్‌లో కాంగ్రెస్‌కి నిలబడి ప్రైమరీలోనే ఓడిపోయింది, సొంత డబ్బు కుమ్మరించిన కోటీశ్వరుడి చేతిలో, నవంబర్ దాకా రానేలేదు. తర్వాత 2023లో అదే రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ అయింది అనుకో. గజాలా హష్మీ 2025 జూన్‌లో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్ డెమొక్రాటిక్ ప్రైమరీలో ఆరుగురి మధ్య నిలబడి, మూడో వంతు ఓట్లు కూడా రాకుండానే, రెండో ఆయన కంటే ఒక్క శాతం లోపు తేడాతో టికెట్ తెచ్చుకుని నవంబర్లో గెలిచింది. అక్కడ రనాఫ్ లేదు, ఎవరికి ఎక్కువొస్తే వాళ్ళే.

మన టెక్సస్‌లో అలా కుదరదు, సగం దాటాలి, దాటకపోతే మొదటి ఇద్దరికీ మేలో మళ్ళీ పోటీ, దాన్నే రనాఫ్ అంటారు. మార్చిలో ఒక పార్టీలో వేసినవాళ్ళు మేలో ఆ పార్టీ రనాఫ్‌లోనే వెయ్యాలి, మార్చిలో అసలు వెయ్యనివాళ్ళు ఏదో ఒకదాంట్లో వేసుకోవచ్చు. రనాఫ్‌లకి జనం ఇంకా పల్చగా వస్తారు, 2022లో దక్షిణ టెక్సస్‌లో ఒక కాంగ్రెస్ సీటు రనాఫ్ 289 ఓట్లతో తేలింది.

వెళ్ళే రోజు సంగతులు. ఎర్లీ ఓటింగ్‌లో (ఎలక్షన్ రోజుకి ముందే ఓటేసే రోజుల్లో) వెళ్ళు, ఖాళీగా ఉంటుంది, కౌంటీలో ఏ ఎర్లీ ఓటింగ్ సెంటర్‌కైనా వెళ్ళొచ్చు. డ్రైవింగ్ లైసెన్సో పాస్‌పోర్టో తీసుకెళ్ళు. మనవాళ్ళకి ఒక పేచీ ఉంటుంది, ఓటర్ కార్డు మీద ఇంటిపేరు పూర్తిగా, లైసెన్స్ మీద ముందుపేరు ఇంటిపేరు తారుమారుగా, లేదా పెళ్ళికి ముందు పేరు. పేర్లు దగ్గరగా ఉంటే ఒక చిన్న అఫిడవిట్ మీద సంతకం పెట్టించుకుని వేయనిస్తారు, కంగారు పడి వెనక్కి వచ్చేయకు. లోపల ఫోన్ వాడనివ్వరు, వంద అడుగుల లోపు తీయకూడదు, అక్కడే గూగుల్ చేద్దాంలే అనుకుంటే కుదరదు. అందుకని ముందురోజు శాంపిల్ బ్యాలెట్ ప్రింట్ తీసి, డైనింగ్ టేబుల్ మీద మీ ఇద్దరూ కూర్చుని పేర్ల పక్కన టిక్కులు పెట్టుకోండి, ఆ కాగితం లోపలికి తీసుకెళ్ళొచ్చు. అన్ని పేర్లూ తెలుసుకోలేకపోతే తెలిసినంత వరకు వెయ్యి, ఖాళీ వదిలేసినంత మాత్రాన బ్యాలెట్ చెల్లకుండా పోదు. పార్టీ గుర్తున్న టీషర్టు టోపీ వద్దు.

ఇంకొకటి, మేలో ఇండియా ట్రిప్ ఉందా? అడగడం ఎందుకంటే రనాఫ్ సరిగ్గా మే ఆఖరి వారం దగ్గర్లో పడుతుంది, 2024లో మే 28, దాని ఎర్లీ ఓటింగ్ ఐదే రోజులు, 20 నుంచి 24 దాకా. స్కూళ్ళు ఇక్కడ అప్పుడే మూస్తారు, డీఎఫ్‌డబ్ల్యూ నుంచి హైదరాబాద్ వెళ్ళే విమానాలన్నీ మనవాళ్ళతో నిండేది కూడా అప్పుడే. టికెట్లు బుక్ చేసుకునే ముందు ఆ తేదీలు చూసుకో, ఎర్లీ ఓటింగ్ మొదలైన రోజే వేసేసి మర్నాడు ఫ్లైట్ ఎక్కేలా పెట్టుకో. అది కుదరక మొత్తం ఓటింగ్ రోజులన్నీ కౌంటీలో లేకుండా పోతుంటే మెయిల్ బ్యాలెట్‌కి అప్లై చేసుకోవచ్చు, అప్లికేషన్ ఎలక్షన్‌కి 11 రోజుల ముందే కౌంటీ ఆఫీసుకి చేరాలి, బ్యాలెట్ నువ్వు ఉండే బయటి అడ్రస్‌కే పంపుతారు, గుంటూరుకి పోస్టు వచ్చి మళ్ళీ ఇక్కడికి చేరేసరికి ఏమవుతుందో నీకు తెలిసిందే కాబట్టి నా మాట విని ఆ ఫ్లైటే ఒక్కరోజు వెనక్కి జరుపుకో.